తలనొప్పులన్నీ ఒకటి కావు
మెదడులో రక్తనాళం పగిలిన మా ఆడపడుచు కోలుకున్న వైనం

– నర్సింగ్ సూపరింటెండెంట్



మన ఓ.పి.లో తలనొప్పి అని చీటీ రాయించుకునేవారు లేని రోజు ఉండదు. ఎండదెబ్బ, నిద్రలేమి, జలుబు, కళ్ళద్దాల నంబరు మారడం, మైగ్రేన్, ఇంట్లో దిగులు – కారణాలు అనేకం. వీరిలో అత్యధికులకు ప్రాణభయం ఉండదు. మాత్ర, విశ్రాంతి, మంచి మాట సరిపోతాయి. అయితే వీటన్నిటి మధ్య ఒక తలనొప్పి పూర్తిగా వేరు. అది మెల్లగా మొదలై పెరగదు. పిడుగు పడినట్టు ఒక్కసారిగా వస్తుంది, నిమిషం లోపలే భరించలేనంత అవుతుంది. "నా జన్మలో ఇంత నొప్పి ఎరుగను" అని రోగి అంటే, ఆ మాట విన్నవారు ఇక బామ్ సీసా కోసం వెదకకూడదు, వాహనం కోసం వెదకాలి.

ఎమ్మిగనూరులో ఉండే మా చిన్న ఆడపడుచుకు ఇదే జరిగింది. ఆమె, ఆమె భర్త అనుమతి ఇచ్చినందువల్లనే ఈ వ్యాసం రాస్తున్నాను. "నా పేరు వద్దు వదినా, సంగతి మాత్రం రాయి, నలుగురికీ ఉపయోగం" అన్నది ఆమె. కనుక పేర్లు రాయడం లేదు.

రక్తనాళపు బుడగ అంటే ఏమిటి?

సైకిలు ట్యూబు పాతబడితే ఒకచోట రబ్బరు పలచబడుతుంది. గాలి కొట్టినప్పుడు ఆ చోటు చిన్న బుడగలా ఉబ్బుతుంది. మిగతా ట్యూబు బాగానే ఉంటుంది. మెదడు అడుగున ఉన్న రక్తనాళాలు కొమ్మలుగా చీలే చోట కూడా కొందరికి ఇలాగే గోడ బలహీనపడి బుడగ ఏర్పడుతుంది. దీనినే డాక్టర్లు ఎన్యూరిజం అంటారు. ఇది గడ్డ కాదు, క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు.

పెద్దవారిలో నూటికి ముగ్గురికి ఇటువంటి బుడగ ఉండవచ్చునని అంచనా. ఈ మాట చదివి భయపడనక్కర లేదు. వాటిలో ఎక్కువ భాగం చిన్నవిగా ఉండిపోయి, మనిషి బ్రతికినంతకాలం ఏ బాధా కలిగించవు. కొన్ని మాత్రం పగులుతాయి. అప్పుడు రక్తం మెదడు చుట్టూ ఉన్న పలుచని పొరల మధ్యకు చిమ్ముతుంది. దానినే సబ్ అరక్నాయిడ్ హెమరేజ్ అంటారు. పగిలినవారిలో దాదాపు మూడోవంతు మంది బ్రతకరు, వారిలో కొందరు ఆసుపత్రికి చేరకముందే పోతారు. బ్రతికినవారిలో చాలామందికి ఏదో ఒక లోటు మిగులుతుంది. అందుచేత ఇక్కడ ప్రతి గంటా విలువైనదే.

బుడగ ఏర్పడడానికీ, పగలడానికీ ముఖ్య కారణాలు రెండు: అదుపులో లేని బి.పి., పొగ త్రాగడం. బీడీ అయినా సిగరెట్టు అయినా ఒకటే. మితిమీరిన మద్యం మూడవది. మగవారికంటే ఆడవారిలో ఇది కొంత ఎక్కువ. 40 ఏళ్ళు దాటాక ఎక్కువగా కనబడుతుంది. కొన్ని కుటుంబాలలో వంశంగా కూడా వస్తుంది.

ఎమ్మిగనూరులో ఆ ఉదయం

మా ఆడపడుచుకు అప్పుడు 48 ఏళ్ళు. వారిది మగ్గాల ఇల్లు. ఆమె ఇంటిపని ముగించి కండెలు చుట్టేది. నాలుగేళ్ళుగా బి.పి. ఉంది. మాత్ర వేసుకుంటే బి.పి. సరిగ్గానే ఉండేది. "ఇప్పుడు బాగున్నాను గదా, ఎందుకు వేసుకోవాలి?" అని ఎనిమిది నెలలుగా మానేసింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఉదయం ఏడు గంటలకు నీళ్ళ బిందె ఎత్తబోయి, "తలకాయ పగిలిపోతాంది" అని అరిచి అక్కడే కూలబడింది. రెండుసార్లు వాంతి అయింది. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుంది. ఇరుగుపొరుగు వచ్చి ఒకరు నిమ్మకాయ రుద్దారు, ఒకరు దిష్టి తీశారు. దగ్గరలోని ఒక క్లినిక్కుకు తీసుకువెళ్తే పైత్యం అని ఇంజెక్షను చేసి పంపారు. ఇంటికి వచ్చాక మాట తడబడింది, కొడుకును తమ్ముడి పేరుతో పిలిచింది. అప్పుడు ఆమె భర్త నాకు ఫోను చేశాడు.

"అక్కా, ఆదోనికే తీసుకొస్తాం. నువ్వుంటే మాకు ధైర్యం" అన్నాడు.

ఆ మాటలో ఉన్న నమ్మకం నాకు తెలుసు. అయినా నేను, "తమ్ముడూ, ఇక్కడికి తేవద్దు. నేరుగా కర్నూలుకు పొండి. 108కి ఫోను చెయ్యి. నేను ఇక్కడి నుండి అక్కడికే వస్తాను" అని చెప్పాను. ఎమ్మిగనూరు నుండి ఆదోని దాదాపు 30 కిలోమీటర్లు పడమరకు. కర్నూలు కోడుమూరు మీదుగా దాదాపు 65 కిలోమీటర్లు తూర్పుకు. మెదడు ఆపరేషన్ చేసే డాక్టరు మన దగ్గర లేరు. ఆదోనికి వచ్చి ఉంటే ఆ దూరం మళ్ళీ వెనక్కు వెళ్ళి, ఆపైన కర్నూలు దారి పట్టవలసి వచ్చేది. దగ్గర బంధువు పనిచేసే ఆసుపత్రి కంటే, జబ్బుకు తగిన డాక్టరు ఉన్న ఆసుపత్రి ముఖ్యం. మన ఆసుపత్రి పత్రికలోనే ఈ మాట రాయడం కొందరికి వింతగా ఉండవచ్చు. ఏ రోగిని ఎక్కడికి పంపాలో తెలిసి ఉండడం కూడా మంచి ఆసుపత్రి లక్షణమే.

దారిలో చేయవలసినవి నాలుగే చెప్పాను. ఒకటి, వాంతి ఊపిరితిత్తులలోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రెండు, నోటితో నీళ్ళు, కాఫీ, మాత్రలు ఏమీ ఇవ్వకూడదు. మూడు, ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. అది రక్తం గడ్డకట్టనివ్వదు, లోపల కారుతున్న రక్తం ఇంకా ఎక్కువవుతుంది. నాలుగు, నొప్పి మొదలైన సమయం, ఇచ్చిన ఇంజెక్షను చీటీ, పాత బి.పి. మాత్రల అట్ట వెంట తీసుకుపోవాలి.

స్కాన్ ఏమి చెప్పింది?

కర్నూలులో మొదట సి.టి. స్కాన్ చేశారు. నొప్పి మొదలైన ఆరు గంటల లోపల తీసిన స్కాన్‌లో ఈ రక్తస్రావం దాదాపు తప్పకుండా కనబడుతుంది. రోజులు గడిచేకొద్దీ రక్తం పలచబడి, స్కాన్‌లో కనబడకుండా పోవచ్చు. అటువంటప్పుడు నడుములో సూదితో వెన్ను నీరు తీసి పరీక్షిస్తారు. "వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయి" అని చాలామంది సంతకం పెట్టరు. ఆ భయానికి ఆధారం లేదు. సూది వేసే చోట వెన్నుపాము ఉండదు, అది ఇంకా పైననే ముగుస్తుంది.

తరువాత చేతి నరానికి రంగు మందు ఎక్కించి సి.టి. యాంజియోగ్రామ్ తీశారు. మెదడు ముందుభాగంలో కుడి, ఎడమ రక్తనాళాలను కలిపే చిన్న నాళం దగ్గర 6 మిల్లీమీటర్ల బుడగ కనబడింది. కందిగింజంత ఉంటుందేమో, అంతే.

న్యూరోసర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: "ఇప్పటికి రక్తం ఆగింది. కాని ఇది మళ్ళీ పగలవచ్చు. మొదటి 24 గంటలలో ఆ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. రెండవసారి పగిలితే బ్రతికించడం చాలా కష్టం. త్వరగా మూసివేయాలి."

క్లిప్పా? కాయిలా?

బుడగను మూసివేయడానికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది క్లిప్పింగ్. పుర్రె ఎముకలో చిన్న భాగం తెరచి, మైక్రోస్కోపు క్రింద చూస్తూ బుడగ మెడకు చిన్న క్లిప్పు పెడతారు. ఆరేసిన బట్టకు క్లిప్పు పెట్టినట్టే. రక్తం బుడగలోకి పోకుండా నాళంలోనే సాగిపోతుంది. ఈ పద్ధతిని 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ మొదటిసారి చేశారు.

రెండవది కాయిలింగ్. తల తెరవరు. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని మెదడు వరకు పంపి, బుడగలో మెత్తని ప్లాటినం తీగ చుట్టలు నింపుతారు. దీనిని 1990 ప్రాంతంలో గుగ్లియెల్మి అనే ఇటలీ డాక్టరు రూపొందించారు. 2002లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో, రెండు పద్ధతులకూ తగినవారైన 2,143 మందిని పోల్చి చూశారు. ఏడాది తరువాత మరణించినవారు, లేదా ఇతరులపై ఆధారపడినవారు కాయిలింగ్‌లో నూటికి దాదాపు 24 మంది, ఆపరేషన్‌లో దాదాపు 31 మంది. అప్పటి నుండి కాయిలింగ్ బాగా పెరిగింది. అయితే అన్ని బుడగలూ దానికి తగవు. బుడగ మెడ వెడల్పు, చోటు, రోగి పరిస్థితి, అక్కడున్న డాక్టర్ల అనుభవం చూసి నిర్ణయిస్తారు.

మా ఆడపడుచు బుడగ మెడ వెడల్పుగా ఉన్నందున క్లిప్పింగ్ మంచిదన్నారు. "తల కోస్తారా? వెల్లూరుకు తీసుకుపోదాం" అని మా పెద్దలు పట్టుబట్టారు. మన సంఘాల కుటుంబాలకు వెల్లూరు అంటే గౌరవం, అది న్యాయమే. 1949లో డాక్టర్ జేకబ్ చాండీ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ప్రారంభించినదే మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం. కాని ఈ జబ్బులో రాత్రంతా రైలు ప్రయాణం అంటే ఆ 24 గంటలను పోగొట్టుకోవడమే. చేయగలిగిన డాక్టర్లు ఎదురుగా ఉండగా రోగిని కదిలించవద్దని నేను చెప్పాను. ఆమె భర్త చాలాసేపు మౌనంగా ఉండి సంతకం పెట్టాడు. మరునాటి ఉదయం ఆపరేషన్ జరిగింది. నాలుగున్నర గంటలు పట్టింది.

ఆపరేషన్ అయ్యాక వచ్చే రెండు వారాలు

"ఆపరేషన్ సక్సెస్" అన్నాక బంధువులు స్వీట్లు పంచారు. నిజానికి నర్సుల పని అప్పుడే మొదలవుతుంది.

చిమ్మిన రక్తం మెదడు నాళాలను రేపుతుంది. 4వ రోజు నుండి 14వ రోజు మధ్యలో అవి ముడుచుకుపోయి, మెదడుకు రక్తం అందకపోవచ్చు. దీనివల్ల పక్షవాతం రావచ్చు. దీనినుండి కాపాడడానికి నిమోడిపిన్ అనే మాత్రను నాలుగు గంటలకొకసారి, 21 రోజులు ఇస్తారు. అర్ధరాత్రి కూడా లేపి ఇస్తారు. "నిద్రపోతున్న మనిషిని లేపుతారా?" అని నర్సుపై కోపపడవద్దు. ఆ మాత్ర తప్పిపోకూడదు.

నర్సు గంటకొకసారి వచ్చి పేరేమి, ఇది ఏ ఊరు, చేయి ఎత్తమ్మా అని అడగడం, కంటిలో టార్చి వేయడం కూడా ఇందుకే. 6వ రోజు సాయంత్రం మా ఆడపడుచు ఎడమ చేయి ఎత్తలేకపోయింది, మాట మందగించింది. డ్యూటీలో ఉన్న సిస్టరు దానిని వెంటనే గుర్తించి డాక్టరును పిలిచింది. సెలైను పెంచి, బి.పి. కొంచెం ఎక్కువగా ఉండేలా మందులు ఇచ్చారు. రెండు రోజులలో చేయి తిరిగి లేచింది. ఆ సిస్టరు వయస్సు ఇరవైనాలుగో ఇరవైఐదో ఉంటుంది. నర్సింగ్‌లో ముప్పై ఏళ్ళు దాటిన నేను ఆ రాత్రి ఆమె చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పాను.

ఇంకా కొన్ని జాగ్రత్తలు: తల వైపు మంచం కొంత ఎత్తు చేస్తారు. గది నిశ్శబ్దంగా ఉంచుతారు. మలబద్ధకం రాకుండా మందు ఇస్తారు, ముక్కడం వల్ల తలలో ఒత్తిడి పెరుగుతుంది. మింగగలదో లేదో చూశాకే నోటికి నీళ్ళు ఇస్తారు. రక్తంలో సోడియం తగ్గుతుందేమోనని తరచు పరీక్షిస్తారు. రెండు గంటలకొకసారి పక్క మార్చి, వీపు పుండ్లు పడకుండా చూస్తారు.

సంఘ సభ్యులకు ఒక మనవి. ఆదరించడానికి మీరు రావడం రోగికి, ఇంటివారికి ఎంతో బలం. కాని పదిహేను మంది ఒక్కసారిగా మంచం చుట్టూ నిలబడి బిగ్గరగా ప్రార్థన చేయడం ఈ జబ్బులో మంచిది కాదు. ఇద్దరు లోపలికి వెళ్ళి నెమ్మదిగా ప్రార్థించండి, మిగతావారు బయట ఉండి ఇంటివారికి అన్నం, టీ, బస్సు చార్జీలు చూడండి. మా వారికి కర్నూలులో ఉన్న 19 రోజులూ కొందరు సహోదరులు వంతులు వేసుకొని క్యారియర్లు తెచ్చారు. అది మేము మరువలేము.

ఖర్చు సంగతి

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుండి మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకం వల్ల మాకు ఆపరేషన్ ఖర్చు తప్పింది. ఆసుపత్రికి వెళ్ళగానే అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. రోగిని వేరే ఊరికి మార్చాలనుకుంటే, ఆ ఆసుపత్రిలో ఆ ఆపరేషన్‌కు కార్డు చెల్లుతుందో లేదో బయలుదేరకముందే అడగండి. అయినా ప్రయాణం, మనుషుల తిండి, ఆగిపోయిన మగ్గం – వీటికి ఏ కార్డూ లేదు. మా వాళ్ళు రెండు తులాల బంగారం కుదువపెట్టారు.

ఇంటికి వచ్చాక

తల గాయం మూడు వారాలలో మానింది. లోపలి గాయానికి ఎక్కువ కాలం పట్టింది. ఇంటివారు ఇది తెలుసుకోవాలి. బయటికి బాగున్నట్టు కనబడే మనిషిని "సోమరితనం" అని అనుకోవడం సులభం.

మొదటి మూడు నెలలు ఆమె పది నిమిషాలు కూర్చుంటే అలసిపోయేది. నిన్నటి సంగతి గుర్తుండేది కాదు, చిన్నప్పటి సంగతి బాగా గుర్తుండేది. కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. ఊరకే ఏడ్చేది, ఊరకే కోపపడేది. "మా అమ్మ ఇట్లుండేది కాదు పెద్దమ్మా" అని ఆమె కూతురు నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. ఇది ఆమె గుణం మారడం కాదు, మెదడు ముందుభాగం మెల్లగా కోలుకోవడం అని వివరించాను.

మరొక సంగతి మేమెవ్వరం ఎదురుచూడలేదు. ఒకరోజు జొన్నరొట్టె పెనం మీద మాడి పొగ వస్తున్నా ఆమె పక్కనే కూర్చొని ఉంది. వాసన తెలియడం లేదు. ఈ చోట జరిగే ఆపరేషన్ తరువాత కొందరికి వాసన పోతుంది. వంట చేసే మనిషికి ఇది చిన్న లోటు కాదు, గ్యాసు లీకయినా తెలియదు. కనుక ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు స్టవ్ వెలిగించకూడదని, రాత్రి సిలిండరు వద్ద రెగ్యులేటరు కట్టేయాలని నియమం పెట్టాము. వాసన ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

గోడకు పలక తగిలించి ఆ రోజు పనులు వరుసగా రాసేవారు. మాత్రలు ఉదయం, రాత్రి అని రెండు డబ్బాలలో పెట్టారు. నాలుగవ నెలలో మళ్ళీ కండెలు పట్టింది. మొదట అరగంట, తరువాత గంట. చేతులకు ఆ పని మరువలేదు. పోగు తెగిన చోట ముడి వేయడం ఆమె ఎవరినీ అడగకుండానే చేసింది. ఏడాది తరువాత తీసిన పరీక్షలో క్లిప్పు సరిగ్గా ఉంది, కొత్త బుడగలు లేవు. ఇప్పుడు ఇంటిపని, మగ్గం పని రెండూ చేసుకుంటుంది. సాయంత్రానికి అలసట వస్తుంది, పేర్లు అప్పుడప్పుడు మరచిపోతుంది. బి.పి. మాత్ర మాత్రం మరువదు.

ఈ జబ్బునుండి లేచి గొప్ప పనులు చేసినవారు లోకంలో ఉన్నారు. జో బైడెన్‌కు 1988లో మెదడులో రెండు బుడగలకు ఆపరేషన్లు జరిగాయి. 2021లో ఆయన అమెరికా అధ్యక్షుడయ్యారు.

మిగతా ఇంటివారి మాట

మా అత్తగారు నేను ఆ ఇంటి కోడలిని కాకముందే పోయారు. చేనులో పత్తి తీస్తూ తల పట్టుకొని పడిపోయి, పొద్దుగూకేలోపు కన్ను మూశారట. గాలి సోకింది అన్నారు. అది ఏ జబ్బో ఇప్పుడు తేల్చలేము. కాని ఈ సంగతి చెప్పగానే డాక్టరుగారు కలం ఆపి మళ్ళీ అడిగారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో ఇద్దరికి ఈ జబ్బు వచ్చిన కుటుంబంలో మిగిలినవారు ఎం.ఆర్. యాంజియోగ్రామ్ చేయించుకోవడం మంచిదని చెప్పారు. ఒక్కరికే వచ్చి ఉంటే అందరికీ స్కాన్ అవసరం లేదు. బి.పి. అదుపు, పొగ మానడం చాలు. చిన్న బుడగ కనబడినా వెంటనే ఆపరేషన్ అని కాదు. చాలావాటిని మధ్య మధ్య స్కాన్ తీసి గమనిస్తూ ఉంటారు.

మా వారు పరీక్ష చేయించుకున్నారు, ఏమీ లేదు. మా మరిది ఇంకా వెళ్ళలేదు. "ఉందని తెలిస్తే నిద్ర పట్టదు వదినా" అంటాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేను బలవంతపెట్టడం లేదు. బీడీలు మాత్రం రోజుకు ఒక కట్ట నుండి నాలుగుకు తగ్గించాడు. ఈ పత్రిక ఆయన కూడా చదువుతాడు. ఆ నాలుగు కూడా మానాలని ఇక్కడే కోరుతున్నాను.

ఈ భాగాన్ని కత్తిరించి ఇంట్లో అంటించుకోండి

1. ఒక్కసారిగా వచ్చి, నిమిషంలో భరించలేనంతగా మారే తలనొప్పి – వెంటనే ఆసుపత్రి.
2. తలనొప్పితో వాంతి, మెడ పట్టేయడం, వెలుతురు పడకపోవడం, ఫిట్స్, మాట తడబడడం, కనురెప్ప వాలిపోవడం, స్పృహ తప్పడం – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం వద్దు.
3. 108కి ఫోను చేయండి. సి.టి. స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న చోటికి తీసుకుపొమ్మని అడగండి.
4. ఆస్పిరిన్, నాటు మందు, కాఫీ ఇవ్వవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
5. నొప్పి మొదలైన సమయం కాగితం మీద రాయండి.
6. బి.పి. మాత్ర బాగున్నప్పుడు కూడా వేసుకోవాలి. బాగున్నది ఆ మాత్ర వల్లనే. మానాలనిపిస్తే ముందు డాక్టరుతో మాట్లాడండి.
7. క్లిప్పు పెట్టినవారు ఆ వివరాల కాగితం జాగ్రత్తగా దాచాలి. ఎప్పుడు ఎం.ఆర్.ఐ. తీయవలసి వచ్చినా ముందుగా చూపించాలి.

మన ఆసుపత్రిలో బి.పి. చూపించుకోవడానికి డాక్టరు కోసం ఎదురుచూడనక్కర లేదు. ఓ.పి. వద్ద ఏ సిస్టరును అడిగినా చూస్తారు, చీటీ మీద రాసి ఇస్తారు. ఆరాధనకు వచ్చినప్పుడో, సంతకు వచ్చినప్పుడో ఐదు నిమిషాలు ఆగి చూపించుకొని వెళ్ళండి.